అన్నంత పనీ చేసి ఓడిపోయినవాడు

1921 అక్టోబరు 28న నార్త్ డకోటా రాష్ట్ర ప్రజలు బారులు తీరి ఓట్లేసి తమ గవర్నరును గద్దె దించారు. గడువు ఇంకా మిగిలే ఉంది. గెలిపించి ఏడాది కూడా కాలేదు. అమెరికా చరిత్రలో ఓటర్లు ఒక గవర్నరును మధ్యలోనే వెనక్కి పిలవడం అదే మొదటిసారి. మళ్లీ అలాంటిది 2003లో కాలిఫోర్నియాలో గ్రే డేవిస్ విషయంలో జరిగేదాకా ఎనభై ఏళ్లపాటు ఆ మచ్చ ఈ ఒక్క మనిషి పేరు మీదే ఉండిపోయింది. ఆయన పేరు లిన్ ఫ్రేజియర్.

మాట తప్పినందుకు పదవి పోగొట్టుకున్న నాయకుల కథలు కోకొల్లలు. ఫ్రేజియర్ కథ వేరు. ఓట్లడిగేటప్పుడు ఏం చేస్తానన్నాడో గెలిచాక అదే చేశాడు. రైతుల కోసం సర్కారు బ్యాంకు పెడతానన్నాడు, పెట్టాడు. సర్కారు పిండి మిల్లు కడతానన్నాడు, మొదలుపెట్టాడు. వడగళ్లకు పంట పోతే బీమా ఇస్తానన్నాడు, ఇచ్చాడు. అలాంటివాడిని కూల్చింది పరాయివాళ్లు కాదు. ఆ బ్యాంకు ఎవరి కోసం పెట్టాడో వాళ్లలోనే కొందరు చేయి వదిలేశారు. వందేళ్ల కిందటి ఈ సంగతి చదివినప్పుడల్లా నాకు గుండె బరువెక్కుతుంది.

ఒక మాట ముందే చెప్పాలి. అమెరికాలో గవర్నరంటే మన రాజ్‌భవన్‌లో ఉండే గవర్నరు కాదు. జనం నేరుగా ఎన్నుకుంటే రాష్ట్రాన్ని ఏలే మనిషి. మన లెక్కలో ముఖ్యమంత్రి అన్నమాట. ఆ రోజుల్లో నార్త్ డకోటాలో ఆ పదవికి గడువు రెండేళ్లే.

నార్త్ డకోటా అంటే గోధుమ. కెనడా సరిహద్దుకు ఆనుకుని, చెట్టూ చేమా పెద్దగా కనబడని మైదానం. నెలల తరబడి ఎముకలు కొరికే చలి. నార్వే నుంచి, జర్మన్ మాట్లాడే రష్యా పల్లెల నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబాలు అక్కడ గోధుమ పండించేవి. పంట వాళ్లది. ధర మాత్రం వాళ్ల చేతిలో లేదు. అది పక్క రాష్ట్రం మిన్నెసోటాలోని మినియాపోలిస్ నగరంలో, ధాన్యం వర్తకుల చాంబరులో తేలేది. బండి నిండా గోధుమలు వేసుకుని రైతు రైలు స్టేషను పక్కన ఎలివేటరు అని పిలిచే ఎత్తయిన గిడ్డంగి దగ్గరికి వెళ్లేవాడు. అక్కడి మనిషి గుప్పెడు గింజలు అరచేతిలో పోసుకుని చూసి, ఇది రెండో రకం అనేవాడు. లేదా మూడో రకం. మట్టీ చెత్తా ఉందని తరుగు తీసేవాడు. అలా తరుగు కింద తీసిన గింజలకు పైసా ఇచ్చేవాళ్లు కాదు కానీ వాటినీ అమ్ముకునేవాళ్లు. కింది రకమని కొన్నదాన్ని మేలు రకంతో కలిపి, అంతా మేలు రకమేనని మిల్లులకు తోలేవాళ్లు. గుంటూరు మిర్చి యార్డులోనో, వరంగల్ ఏనుమాముల మార్కెట్లోనో బస్తా దించి కమీషను ఏజెంటు ముఖంలోకి చూస్తూ నిలబడ్డ రైతుకు ఈ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు.

1916లో గోధుమకు తుప్పు తెగులు తగిలింది. గింజ ఎండి ముడుచుకుపోయింది. వర్తకులు దాన్ని పశువుల దాణా కింద లెక్కగట్టి కారుచవకగా కొన్నారు. ఫార్గో నగరంలోని వ్యవసాయ కళాశాలలో ఎడ్విన్ లాడ్ అనే రసాయన శాస్త్రవేత్త ఉండేవాడు. పశువుల దాణా అని తోసేసిన ఆ గింజల్నే పిండి పట్టించి, రొట్టె కాల్పించి చూశాడు. రొట్టె బాగానే పొంగింది. మనుషులు తినదగ్గ మంచి పిండి వచ్చింది. రైతు దగ్గర దాణా ధరకు కొన్నది ఊళ్లో మనుషుల రొట్టెగా అమ్ముడవుతోందని ఆయన అంకెలు వేసి చూపించాడు. పొలాల్లో అందరికీ తెలిసిన సంగతే. చదువుకున్నవాడు ప్రయోగశాలలో తేల్చి చెప్పేసరికి దానికి బలం వచ్చింది.

రైతులు అప్పటికే ఊరుకుని లేరు. సర్కారే ఒక పెద్ద ధాన్యం గిడ్డంగి కట్టాలని 1912లో, మళ్లీ 1914లో ఓటు వేసి రాష్ట్ర రాజ్యాంగ సవరణలకు ఒప్పుకున్నారు. అయినా 1915లో చట్టసభ దాన్ని తోసిపుచ్చింది. అడగడానికి రాజధాని బిస్మార్క్‌కు వచ్చిన రైతులతో ఒక సభ్యుడు, ఇళ్లకు పోయి పందులకు కుడితి పెట్టుకోండి అన్నాడని రాష్ట్రమంతా పాకింది. నేనలా అనలేదని ఆయన తర్వాత చెప్పుకున్నాడు. జనం వినలేదు. అప్పటికే ఆ మాట ప్రతి కొట్టంలో, ప్రతి వంటింట్లో మండుతోంది.

ఆ మంటను పోగుచేసినవాడు ఆర్థర్ టౌన్లీ. అవిసె పంట మీద సర్వం పెట్టి, ధర పడిపోతే దివాలా తీసిన రైతు. సోషలిస్టు పార్టీకి కొన్నాళ్లు ప్రచారం చేసి, పార్టీ పేరు చెబితే పల్లె జనం తలుపు తీయరని తెలుసుకున్నవాడు. 1915లో ఆయన నాన్‌పార్టిజాన్ లీగ్ అనే సంఘం పెట్టాడు. సొంతంగా పార్టీ పెట్టదు. ఉన్న పార్టీల్లోకే చొరబడి, పార్టీలోపలి ఎన్నికల్లో తమ మనుషుల్ని నిలబెట్టి గెలిపించుకుంటుంది. కొత్తగా వచ్చిన ఫోర్డు కార్లలో కార్యకర్తలు పొలం పొలానికీ వెళ్లారు. పంట చేతికొచ్చాక తీసుకునేలా రాబోయే తేదీ వేసిన చెక్కులు పుచ్చుకున్నారు. చందా మొదట్లో కొద్ది డాలర్లే, తర్వాత రెండేళ్లకు 16 డాలర్ల దాకా పెరిగింది. 1916 నాటికి దాదాపు 40 వేల మంది చేరారు. ఆ చిన్న రాష్ట్రంలో అది అల్ప సంఖ్య కాదు.

లీగ్ ఇచ్చిన హామీలు ఐదు. గిడ్డంగులు, పిండి మిల్లులు, మాంసం ప్యాకింగు కేంద్రాలు, శీతల గిడ్డంగులు సర్కారు చేతుల్లో ఉండాలి. ధాన్యం తూకాన్నీ రకాన్నీ సర్కారు మనుషులే తేల్చాలి. పొలంలో కట్టుకున్న కొట్టాలకూ కంచెలకూ పన్ను ఉండకూడదు. వడగళ్ల బీమా సర్కారే ఇవ్వాలి. లాభం చూసుకోకుండా రైతుకు అప్పిచ్చే బ్యాంకు కావాలి. ఈ ఐదూ ఒక చిన్న కాగితం మీద పట్టేస్తాయి. ఇంట్లో ఇంగ్లీషు రాని ముసలమ్మకు కూడా మనవడు చదివి చెప్పగలిగినంత తేలిక మాటలు.

గవర్నరు పదవికి ఎవరిని నిలబెట్టాలని వెతికితే దొరికినవాడు ఫ్రేజియర్.

1874లో మిన్నెసోటాలో పుట్టాడు. చిన్నతనంలోనే కుటుంబం డకోటాకు వలస వచ్చింది. గ్రాండ్ ఫోర్క్స్‌లోని విశ్వవిద్యాలయంలో చదివి 1901లో పట్టా తీసుకున్నాడు, అక్కడ ఫుట్‌బాల్ జట్టుకు నాయకుడు కూడా. ఇంకా పైచదువుల మీద ఆశ ఉన్నా ఇంటి బాధ్యతలు హూపుల్ అనే ఊరి దగ్గరి పొలానికి వెనక్కి లాగాయి. చదువు మీద మమకారం ఎంతటిదంటే, కవల ఆడపిల్లలు పుడితే ఒకరికి యూనీ అని, ఇంకొకరికి వెర్సీ అని పేర్లు పెట్టుకున్నాడు. రెండూ కలిపితే యూనివర్సిటీ. పొలంలో మట్టి పిసుక్కుంటూ, వదిలి వచ్చిన చదువును కూతుళ్ల పేర్లలో రోజూ పిలుచుకున్న తండ్రి అని తలుచుకుంటే ఆయన నాకు మరింత దగ్గరవాడు అవుతాడు. బట్టతల, గుండ్రటి ముఖం, నెమ్మదైన మాట. మందు ముట్టడు, పొగ తాగడు, నోట బూతు రాదు. రాష్ట్ర స్థాయిలో ఏ పదవీ చేసి ఎరగడు. లీగ్ పెద్దలు తనను ఎంపిక చేశారని తెలిసే నాటికి రాష్ట్రంలో ఆయన పేరు విన్నవాళ్లు బహు కొద్దిమంది.

1916 నవంబరులో నూటికి 79 ఓట్లు ఆయనకే పడ్డాయి. 41 ఏళ్ల రైతు నేరుగా పొలంలో నుంచి గవర్నరు కుర్చీలోకి వచ్చాడు.

మొదటి రెండేళ్లలో అసలు హామీలు నెరవేరలేదు. దిగువ సభ లీగ్ చేతికొచ్చింది కానీ ఎగువ సభ అయిన సెనేట్‌లో సగం మంది పాత సభ్యులే. రాష్ట్ర రాజ్యాంగాన్నే తిరగరాసే బిల్లును దిగువ సభ గెలిపిస్తే సెనేట్ చంపేసింది. అయినా చేయగలిగింది చేశారు. ధాన్యం రకాలు తేల్చే చట్టం తెచ్చారు, బ్యాంకు డిపాజిట్లకు హామీ చట్టం, రహదారుల సంస్థ తెచ్చారు. మహిళలకు కొన్ని పదవులకు ఓటు వేసే హక్కిచ్చే బిల్లు మీద 1917లో ఫ్రేజియర్ సంతకం పెట్టాడు. దేశమంతా మహిళలకు ఓటు రావడానికి ఇంకా మూడేళ్లు ఉంది.

ఇంతలో అమెరికా మొదటి ప్రపంచ యుద్ధంలోకి దిగింది. యుద్ధానికి బీదవాడి కొడుకును తీసుకుపోతున్నారు, ధనవంతుడి ధనాన్ని కూడా తీసుకోండి అని లీగ్ అడిగింది. న్యాయమైన ప్రశ్నే. కానీ ఆ రోజుల్లో అలా అడగడం దేశద్రోహమైపోయింది. పక్క రాష్ట్రంలో లీగ్ సభలను అడ్డుకున్నారు, కార్యకర్తలను కొట్టారు, ఒంటికి తారు పూశారు. టౌన్లీ మీద పెట్టిన కేసు చివరికి ఆయన్ను జైలుకు పంపింది. యుద్ధ బాండ్ల కొనుగోలులో నార్త్ డకోటా వెనకబడలేదు, సైనికులను పంపడంలో వెనకబడలేదు. అయినా జర్మనీ మనుషులన్న ముద్ర లీగ్‌ను వదల్లేదు. తర్వాత రష్యా విప్లవం పేరు చెప్పి ఎర్రవాళ్లన్నారు. ఒక ముద్ర చెరిగేలోగా ఇంకొకటి.

1918లో మళ్లీ గెలిచాడు. ఈసారి రెండు సభలూ లీగ్‌వే. రాజ్యాంగ సవరణలకూ జనం ఒప్పుకున్నారు. 1919 జనవరిలో సభ మొదలైంది. ఆ కొద్ది వారాల్లో నార్త్ డకోటాలో చేసినంత పని ఆ రోజుల్లో అమెరికాలో మరే రాష్ట్రమూ చేయలేదు. గవర్నరు, అటార్నీ జనరల్, వ్యవసాయ కమిషనర్ ముగ్గురూ కలిసి ఇండస్ట్రియల్ కమిషన్. దాని కింద బ్యాంక్ ఆఫ్ నార్త్ డకోటా, 20 లక్షల డాలర్ల మూలధనంతో. రాష్ట్ర గోధుమ మిల్లు, గిడ్డంగుల సంస్థ. ఇళ్లు కట్టించే సంస్థ. వడగళ్ల బీమా. పనిలో గాయపడ్డ కూలీలకు పరిహారం. ఎక్కువ సంపాదించేవారి మీద ఎక్కువ పడే ఆదాయ పన్ను. పొలంలోని కట్టడాలకు పన్ను మినహాయింపు. హామీల్లో మాంసం ప్యాకింగు కేంద్రాల్లాంటివి రూపం దాల్చలేదు. మిగిలినవి చాలావరకు చట్టాలయ్యాయి.

ప్రత్యర్థులు ఊరుకోలేదు. ఈ చట్టాల మీద జనం ఓటు అడగాల్సిందేనని సంతకాలు సేకరించారు. 1919 జూన్ 26న ఆ ఓటు జరిగింది. ఏడు చట్టాలు బరిలో ఉంటే ఏడూ నెగ్గాయి. నెల తిరిగాక, జులై 28న బిస్మార్క్‌లో బ్యాంకు తలుపులు తెరిచారు. రాష్ట్రం, మన జిల్లాల్లాంటి కౌంటీలు, ఊళ్లు, బడులు తమ డబ్బంతా అందులోనే వేయాలని చట్టం. ఆ డబ్బుతో రైతుకు తక్కువ వడ్డీకి భూమి మీద అప్పు. డ్రేక్ అనే చిన్న ఊళ్లో ఒక పాత మిల్లు కొని నడపడం మొదలుపెట్టారు. గోధుమకు బయటివాళ్లకంటే ఎక్కువిచ్చి, పిండిని తక్కువకు అమ్మింది ఆ మిల్లు. దానివల్ల నష్టమూ వచ్చింది.

అదే ఏడాది శీతాకాలంలో దేశమంతటా బొగ్గు గని కార్మికుల సమ్మె మొదలైంది. నార్త్ డకోటాలో నవంబరు అంటే మంచు. పొయ్యిలో బొగ్గు లేకపోతే ఇళ్లలో మనుషులు బతకరు. గనుల యజమానులు, కార్మికులు ఒక మాటకు రాకపోతే ఫ్రేజియర్ మార్షల్ లా ప్రకటించి లిగ్నైట్ గనులను సర్కారు చేతుల్లోకి తీసుకున్నాడు. బొగ్గు కదిలింది, పొయ్యిలు వెలిగాయి. కోర్టు తర్వాత గనులను యజమానులకు తిరిగి ఇమ్మంది. ఆస్తి జోలికి వచ్చే గవర్నరని ఆయన మీద మరో నింద పడింది. ఆ నెల ఆయన చేసింది సరైనదేనని నా నమ్మకం. చలికి పిల్లలు వణుకుతుంటే కాగితాలు తిరగేస్తూ కూర్చునే పాలకుడికంటే ఆయన ఎంతో మేలు.

మరి పతనం ఎక్కడ మొదలైంది?

డబ్బు దగ్గర. బ్యాంకుకు మూలధనం కావాలంటే, మిల్లు కట్టాలంటే, బాండ్లు అమ్మాలి. మొత్తం కోటీ 70 లక్షల డాలర్ల బాండ్లకు చట్టం ఒప్పుకుంది. తూర్పు తీరంలోని పెద్ద బ్యాంకులు వాటిని తాకమన్నాయి. సర్కారు వ్యాపారం చేయడం చెల్లదని కొందరు పన్ను చెల్లింపుదారులు కోర్టుకెక్కారు. గ్రీన్ వర్సెస్ ఫ్రేజియర్ అనే ఆ కేసు అమెరికా సుప్రీం కోర్టు దాకా వెళ్లింది. 1920 జూన్ 1న కోర్టు రాష్ట్రం పక్షానే తీర్పిచ్చింది. జనం ఎన్నుకున్న చట్టసభ ఇలా చేయదలిస్తే అడ్డుపడబోమంది. చట్టం గెలిచింది. అప్పటికే ఏడాది కరిగిపోయింది. బాండ్లు కొనేవాళ్లు మాత్రం తేలిగ్గా దొరకలేదు.

ఆ వేళకే గోధుమ ధర కూలడం మొదలైంది. యుద్ధ కాలంలో కేంద్రం ఇచ్చిన ధర హామీ 1920 మధ్యలో ముగిసింది. బుషెల్ అనే కొలతకు రెండు డాలర్లకు పైన పలికిన గోధుమ ధర ఏడాదిన్నరలో సగానికంటే కిందికి వచ్చింది. వానలూ మొహం చాటేశాయి. రైతు అప్పు కట్టలేకపోయాడు. రైతు కట్టకపోతే ఊరి బ్యాంకు మూతపడింది. వరుసగా చిన్న బ్యాంకులు మూతపడుతుంటే తప్పెవరిదని జనం అడిగారు. గోధుమ ధర దించింది ఫ్రేజియర్ కాదు. కానీ కష్టకాలంలో గద్దె మీద ఉన్నవాడే దోషి.

1920 నవంబరులో ప్రత్యర్థులు ఇంకో చట్టానికి జనం ఓటు సాధించారు. కౌంటీలు, ఊళ్లు, బడులు తమ డబ్బును సర్కారు బ్యాంకులోనే ఉంచక్కర్లేదు, ఎక్కడైనా వేసుకోవచ్చు. వెంటనే డబ్బు వెళ్లిపోవడం మొదలైంది. డబ్బు తీస్తుంటే సర్కారు బ్యాంకు ఊరి బ్యాంకుల్లో తాను వేసిన డబ్బును వెనక్కి అడగాల్సి వచ్చింది. అలా అడిగేసరికి ఇంకొన్ని ఊరి బ్యాంకులు పడిపోయాయి. గొంతు నొక్కినవాళ్లే ఊపిరాడడం లేదేమని అడిగారు.

లీగ్ తప్పులు కూడా చెప్పాలి, లేకపోతే ఇది గాథ కాదు, పొగడ్త అవుతుంది. సర్కారు ప్రకటనలు కౌంటీకొక్క పత్రికకే ఇచ్చేలా, అది ఏ పత్రికో తామే తేల్చేలా చట్టం చేసుకుని, ఎదుటి పత్రికల కడుపు కొట్టారు. టౌన్లీ ఎన్నికైనవాడు కాదు, కానీ చట్టసభ సభ్యులు రాత్రిళ్లు సమావేశమై ఆయన చెప్పింది విని మర్నాడు ఓటేసేవాళ్లు. రైతుల చందాలతో పెట్టిన దుకాణాలు నష్టాల్లో మునిగాయి. ఇళ్లు కట్టించే సంస్థ కట్టింది కొద్ది పదుల ఇళ్లే, అదీ అనుకున్నదానికంటే ఎక్కువ ఖర్చుతో. అన్నిటికంటే పెద్ద దెబ్బ విలియం లెమ్కే ఇల్లు. ఆయన లీగ్‌కు మేధావి, ఫ్రేజియర్‌కు కళాశాల రోజుల నుంచి స్నేహితుడు, 1921 నుంచి అటార్నీ జనరల్. పట్నంలో ఒక్కో ఇంటికి 5 వేల డాలర్లు మించకూడదన్న చట్టం. ఫార్గోలో ఆయన కోసం ఆ సంస్థ కట్టిన ఇంటికి అంతకు కొన్ని రెట్లు ఖర్చయింది. లంచం తిన్నాడని ఎవరూ తేల్చలేదు. కానీ రెండు గదుల ఇంట్లో పిల్లలతో సర్దుకునే రైతుకు ఆ ఇంటి ఫోటో పత్రికలో చూపిస్తే ఇంకేం చెప్పాలి? బీదల కోసం పెట్టిన సంస్థ మొదట పెద్దమనిషి ఇంటికి పునాది తీయకూడదు. దగ్గరివాళ్ల సుఖం విషయంలో కఠినంగా ఉండలేకపోవడం ఫ్రేజియర్ బలహీనత. మంచితనం అక్కడే ఆయన్ను ముంచింది.

సొంతవాళ్లు విడిపోయారు. లీగ్ బలంతోనే గెలిచిన అటార్నీ జనరల్ విలియం లాంగర్ ఎదురు తిరిగి, 1920 పార్టీ ఎన్నికలో ఫ్రేజియర్ మీదే పోటీ చేసి ఓడాడు. ఆడిటరూ, రాష్ట్ర కార్యదర్శీ కూడా అటువైపే పోయారు. ఇండిపెండెంట్ ఓటర్స్ అసోసియేషన్ అనే ప్రత్యర్థి సంఘం ఎర్రజెండా బొమ్మలు వేసి పత్రిక నడిపింది. రాష్ట్ర గ్రంథాలయంలో పెళ్లి గురించి, సోషలిజం గురించి ఏవో పుస్తకాలు దొరికితే, మీ ఆడపిల్లలకు ఇవి చదివిస్తున్నారంటూ ఊరూరా చెప్పారు. కూతుళ్లకు యూనివర్సిటీ పేరు పెట్టుకున్నవాడి మీద, చుక్క మందు ముట్టనివాడి మీద ఆ నింద. అయినా 1920 నవంబరులో మూడోసారి గెలిచాడు. ఈసారి నూటికి 51 మాత్రమే. దిగువ సభ చేయి జారింది.

ఇక మిగిలింది రీకాల్. ఎన్నికైనవాడిని ఓటర్లు మధ్యలోనే వెనక్కి పిలవగలగాలన్నది లీగ్ మొదటినుంచీ నమ్మిన సూత్రం. అలాంటి హక్కు రాష్ట్ర రాజ్యాంగంలోకి 1920లోనే చేరింది. చేరిన ఏడాదికే దాన్ని వాళ్ల మీదే ప్రయోగించారు. సంతకాలు పోగయ్యాయి. గవర్నరు ఫ్రేజియర్, అటార్నీ జనరల్ లెమ్కే, వ్యవసాయ కమిషనర్ జాన్ హేగన్. ఇండస్ట్రియల్ కమిషన్ ముగ్గురు సభ్యులనూ ఒక్క వేటుకు తీసేయాలని. ఎదురుగా నిలబడ్డవాడు రాగ్న్‌వాల్డ్ నెస్టోస్, నార్వేలో పుట్టి మైనట్ పట్టణంలో వకీలుగా స్థిరపడ్డవాడు. నిజాయతీపరుడని పేరున్నవాడే.

ఓట్ల లెక్క తేలింది. నెస్టోస్‌కు 1,11,434. ఫ్రేజియర్‌కు 1,07,332. తేడా నాలుగు వేల చిల్లర. ముగ్గురూ ఓడారు.

ఆ రోజే ఇంకొక ఓటు కూడా జరిగింది, ఈ కథకు ప్రాణం అక్కడుంది. బ్యాంకును మూసేయాలని, పథకాలను కూల్చాలని ప్రత్యర్థులు పెట్టిన ప్రతిపాదనలూ అదే బ్యాలెట్ మీద ఉన్నాయి. అవి ఓడిపోయాయి. అదే ఓటర్లు, అదే రోజు, అదే పెన్సిలుతో మనిషిని తీసేసి అతని పనిని ఉంచుకున్నారు. నువ్వు చేసింది మాకు కావాలి, నువ్వు వద్దు. ఇంతకంటే కఠినమైన తీర్పు ఒక ప్రజాసేవకుడికి ఉంటుందా అని నేను చాలాసార్లు అనుకున్నాను. అంతకంటే గొప్ప తీర్పు కూడా ఉండదేమో.

నవంబరులో ఫ్రేజియర్ పదవి వదిలి వెళ్లాడు. గొడవ చేయలేదు, కోర్టుకెక్కలేదు. కొత్త గవర్నరు బ్యాంకును భూమి మీద అప్పులిచ్చే పనికి కుదించాడు కానీ మూయలేదు. గ్రాండ్ ఫోర్క్స్‌లో సగంలో ఉన్న మిల్లును పూర్తి చేయించాడు. 1922లో అది గోధుమ ఆడించడం మొదలుపెట్టింది. దాని కోసం మాటలు పడ్డవాడు ఆ వేళకు పదవిలో లేడు.

అదే 1922లో జనం ఫ్రేజియర్‌ను మళ్లీ పిలిచారు. 1899 నుంచి అమెరికా సెనేట్‌లో పాతుకుపోయిన పోర్టర్ మెకంబర్‌ను పార్టీ ఎన్నికలో ఓడించి, వెనక్కి పిలిపించుకున్న ఏడాదికే ఆయన ఆ సెనేట్‌కు ఎన్నికయ్యాడు. ఆ తీర్పుకు జనం సిగ్గుపడి చేశారో, కోపం చల్లారి చేశారో. అక్కడ 18 ఏళ్లు ఉన్నాడు. పాత స్నేహితుడు లెమ్కే ప్రతినిధుల సభకు వచ్చాక ఇద్దరూ కలిసి 1934లో ఫ్రేజియర్-లెమ్కే చట్టం తెచ్చారు. అప్పు కట్టలేని రైతు భూమిని వేలం వేయకుండా గడువిచ్చే చట్టం. 1935లో సుప్రీం కోర్టు కొట్టేసింది. ఆ ఏడే దాన్ని సవరించి మళ్లీ గెలిపించారు. 1937లో కోర్టు ఈసారి నిలబెట్టింది. మహా మాంద్యం రోజుల్లో ఆ చట్టం నీడన పొలం దక్కించుకున్న కుటుంబాలు దేశమంతటా ఉన్నాయి. యుద్ధాన్నే నిషేధించే రాజ్యాంగ సవరణను ఆయన సెనేట్‌లో పదేపదే ప్రతిపాదించాడు. ఒక్కసారీ నెగ్గలేదు. నెగ్గదని తెలిసీ పెట్టాడు.

1940 పార్టీ ఎన్నికలో ఆయన్ను ఓడించినవాడు విలియం లాంగర్. ఇరవై ఏళ్ల కిందట ఆయన చేతిలో ఓడినవాడే. ఆ ఓటమితో ఫ్రేజియర్ రాజకీయ జీవితం ముగిసింది. 1947 జనవరి 11న మేరీలాండ్‌లో కన్నుమూశాడు.

ఆయన పేరు ఇవాళ అమెరికా పాఠ్యపుస్తకాల్లో ఒక వాక్యంలో వస్తుంది. ఓటర్లు వెనక్కి పిలిచిన మొదటి గవర్నరు. ఆ వాక్యం నిజమే కానీ అందులో సగం నిజమే ఉంది. బ్యాంక్ ఆఫ్ నార్త్ డకోటా ఇప్పటికీ బిస్మార్క్‌లో నడుస్తోంది. అమెరికాలోని ఏభై రాష్ట్రాల్లో సర్కారు సొంత బ్యాంకు ఉన్నది అదొక్కటే. గ్రాండ్ ఫోర్క్స్ మిల్లు దేశంలోని పెద్ద పిండి మిల్లుల్లో ఒకటి, ఇప్పటికీ రాష్ట్రానిదే. ఎన్నికల హామీలు నిలబెట్టుకున్న పాలకుడి పేరు చెప్పమంటే నేను లిన్ ఫ్రేజియర్ పేరు చెబుతాను. ఓడిపోయాడన్న కారణంతో ఆ పేరును ఆ జాబితా నుంచి తీసేయడం అన్యాయం.